మెడ దగ్గర అతుకు

ఆ వీధిలో అతన్ని అందరూ అతుకుల బావ అంటారు. వెల్డింగు పని కాబట్టి అతుకులు. బావ ఎలా వచ్చిందంటే, అతనికి పెళ్ళయిన కొత్తలో భార్య తమ్ముడు బడి సెలవులన్నీ వీళ్ళింట్లోనే గడిపేవాడు. పొద్దస్తమానం షెడ్డు ముందు నిలబడి "బావా, బావా" అంటూ బుర్ర తినేవాడు. ఆ పిలుపు వీధంతా అంటుకుంది. పక్కన టైర్ల కొట్టు నడిపే ముసలాయన ఇరవయ్యేళ్ళు పెద్దయి ఉండి కూడా "బావా, నిప్పురవ్వలు ఇటు పడుతున్నాయి" అనే కేకేస్తాడు.

గేట్లు, కిటికీ ఊచలు, మెట్ల పక్క కమ్మీలు, నీళ్ళ ట్యాంకుల కింద స్టాండ్లు. ఆ చుట్టుపక్కల అతని చెయ్యి పడని ఇల్లు తక్కువ. ధర దగ్గర బెట్టు చేస్తాడు కానీ పని గట్టిదని పేరు. ఆ పేరంటే అతనికి ప్రాణం.

భార్య తమ్ముడు ఇప్పుడు పెద్దవాడయ్యాడు. ఇల్లిల్లూ తిరిగి కరెంటు మీటర్లు చూసే ఉద్యోగం దొరికి ఆరు నెలలైంది. కాళ్ళరిగేలా తిరగలేక ఒక బండి కొనుక్కున్నాడు. కొత్త బండి కాదు, చేతులు మారినదే. కానీ ఎర్రగా నిగనిగలాడుతూ, చూసినవాడి కళ్ళు దాని మీదే ఆగేలా ఉంది. బావని ఆశ్చర్యపెడదామని కొనేదాకా మాట కూడా పొక్కనివ్వలేదు. ఆ ఉదయం ఎనిమిదిన్నరకి సరాసరి షెడ్డు ముందు దిగి, హెల్మెట్ తీసి, మాట్లాడకుండా నవ్వుతూ నిలబడ్డాడు.

అక్కాతమ్ముళ్ళిద్దరూ కలిసి కొండకి అవతలున్న ఊరికి వెళ్ళాలనుకున్నారు. వాళ్ళ చెల్లెలు అక్కడి ఆసుపత్రిలో నాలుగు రోజుల క్రితం ప్రసవించింది. బస్సైతే కొండ చుట్టూ తిరిగి మూడు గంటలు పడుతుంది. బండి మీద ఘాటు రోడ్డు ఎక్కి దిగితే రెండు గంటల్లోపే. భార్య తెల్లవారకముందే లేచి తయారై, పసిదానికి కుట్టిన చొక్కాలు సంచిలో సర్దుకుని గడపలో నిలబడి ఉంది.

"బాగుందిరా" అన్నాడు అతుకుల బావ. నిజంగానే బాగుంది. ఇనుముతో బతికే మనిషికి బండి కనిపిస్తే చేతులు ఊరుకోవు. చుట్టూ తిరిగాడు. చక్రం నొక్కాడు. వంగి, ట్యాంకు కింద, హ్యాండిలు వెనక చెయ్యి పెట్టి తడిమాడు. హ్యాండిలు తిరిగే గొట్టాన్ని ఆ పనివాళ్ళు మెడ అంటారు. ఇంజనుని మోసే పెద్ద గొట్టం వచ్చి ఆ మెడకి కలిసే చోట, నున్నటి రంగు కింద, అతని వేళ్ళకి ఏదో తగిలింది.

అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దదైన ఇనప పట్టీ. నాలుగు మూలలూ గుండ్రంగా అరగదీసి ఉన్నాయి.

పట్టీ మూలలు అరగదీసే ఓపిక ఎవరికీ ఉండదు. చదరంగా కోసి అంటించి పారేస్తారు. పగులు ఎప్పుడూ మూల దగ్గరే మొదలవుతుందని అతనికి పని నేర్పిన గురువు చెప్పాడు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా అతను ఒక్క పట్టీ కూడా మూలలు గుండ్రం చెయ్యకుండా అంటించలేదు.

"ఎవరి దగ్గర కొన్నావు?" అన్నాడు వంగినవాడు వంగినట్టే ఉండి.

"బైపాసు పక్కన పెద్ద షెడ్డుంది కదా బావా. నల్ల కళ్ళజోడాయన. పేపర్లన్నీ చూపించాడు. ఒక్కడి చేతిలోనే ఉందట, జాగ్రత్తగా వాడాడట."

అతుకుల బావ పట్టీ మీంచి వేలు తియ్యలేదు.

ఏడాదిన్నర క్రితం ఈ బండి నల్లగా ఉండేది. కళ్ళజోడు దీన్ని ట్రాలీ ఆటోలో వేసుకుని తెచ్చి షెడ్డు వెనక దింపించాడు. లారీ వెనక భాగానికి గుద్దుకున్న బండి. ముందు చక్రం వంకరపోయి ఇంజనుని ఆనుకుని ఉంది. మెడ వెనక్కి వాలిపోయింది, దాని కింద గొట్టం చిరిగింది. బాగుచెయ్యడం దండగని తేల్చి ఇన్సూరెన్సు కంపెనీ ఆ బండి మనిషికి మొత్తం సొమ్ము ఇచ్చేసింది. బండిని తుక్కు కింద రాసేసి వేలం వేస్తే కళ్ళజోడు పాడుకున్నాడు. "ఇది రోడ్డెక్కకూడదు" అని అతుకుల బావ అప్పుడే అన్నాడు. "రోడ్డెక్కించేదెవరు? తోటలో నీళ్ళ డబ్బాలు మోయడానికి ఒకాయన అడిగాడు" అన్నాడు కళ్ళజోడు. నల్లబండికి రంగెందుకు మార్చాలో, తోటలో తిరిగే బండి మెడ అంత నున్నగా ఎందుకు కనబడాలో అతుకుల బావ అడగలేదు. నమ్మితే పని దొరుకుతుంది కాబట్టి నమ్మాడు. గ్యాసు మంటతో కాల్చి, గొలుసు వేసి లాగి, మెడ నిలబెట్టి, పట్టీ అంటించాడు. ఆ మీదట లప్పం పెట్టి, రంగు కొట్టి దాచేసింది వేరేవాళ్ళు.

ఆ తర్వాత అలాంటివే ఇంకా కొన్ని తెచ్చాడు కళ్ళజోడు. అన్నీ తోటలకే అన్నాడు.

"ఏంటి బావా, అంతసేపు చూస్తున్నావు? ఏమన్నా తేడాగా ఉందా?"

అతుకుల బావ లేచి నిలబడ్డాడు. బావమరిది మొహం వెలిగిపోతోంది. తమ్ముడు తెచ్చిన రెండో హెల్మెట్‌ని గడపలో భార్య వెనకాముందుగా పెట్టుకోబోయి తనలో తనే నవ్వుకుంటోంది. చెప్పాలంటే మొత్తం చెప్పాలి. ఇది నేనే అతికాను, చచ్చిన బండని తెలిసే అతికాను, అది ఎవరికో అంటగడతారని లోలోపల తెలిసే అతికాను. అంత పొడుగు మాట నోట్లోంచి రాలేదు. ఏడాదిన్నర ఏమీ కాలేదు కదా అని ఒక మనసు. ఈ పట్టీ నీది కాకపోవచ్చు కదా అని ఇంకో మనసు.

"పోనీ, బస్సులో వెళ్ళకూడదూ?" అన్నాడు నీళ్ళు నములుతూ.

"మీకు కుళ్ళు" అంది భార్య. "నన్ను ఆ డొక్కు మోపెడ్ మీద తప్ప ఎక్కించుకున్న పాపాన పోలేదు మీరు."

బావమరిది పగలబడి నవ్వాడు. ఆమె సంచి ఒళ్ళో పెట్టుకుని వెనక ఎక్కింది. అతుకుల బావ "నెమ్మదిగా వెళ్ళండి" అని మాత్రం అన్నాడు. బండి వీధి మలుపు తిరిగింది. చప్పుడు కూడా వినపడటం మానేసింది.

అతను షెడ్డులోకి వెళ్ళి సగంలో ఉన్న గేటు ముందు కూర్చున్నాడు. అద్దం మొహానికి అడ్డం పెట్టుకుని వెల్డింగు కడ్డీ తగిలించాడు. కడ్డీ ఇనుముకి అతుక్కుపోయింది. విదిలించి మళ్ళీ తగిలించాడు. మళ్ళీ అతుక్కుంది. ముప్పయ్యేళ్ళ పనిలో వరసగా రెండుసార్లు అలా జరగడం అతనికి గుర్తులేదు.

అద్దం పక్కన పెట్టేశాడు. వద్దన్నా లెక్క మొదలైంది బుర్రలో. అతుకు విరగదు, అతను వేసిన అతుకు అసలే విరగదు. విరిగేది అతుకు పక్కనున్న ఇనుము. కాలి, మెత్తబడి, బలం పోయిన ఇనుము. మామూలు రోడ్డు మీద అది ఏళ్ళ తరబడి నిలబడుతుంది. ఘాటు దిగేటప్పుడు, వెనకాల ఇంకో మనిషి బరువుంటే, ముందు బ్రేకు పట్టిన ప్రతిసారీ ఆ బరువంతా వచ్చి మెడ మీదే పడుతుంది. అలాంటి మలుపులు దిగుడులో ఇరవై రెండు.

ఫోను తీసి భార్యకి చేశాడు. ఇంట్లోనే ఎక్కడో మోగింది. వెళ్ళి చూస్తే కిటికీ దగ్గర చార్జింగులో ఉంది, మరిచిపోయింది. బావమరిదికి చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. హెల్మెట్ లోపలి చెవులకి, గాలిలో, ఫోను ఎక్కడ వినపడుతుంది.

"కాస్త షెడ్డు చూస్తుండు" అని టైర్ల ముసలాయనకి చెప్పి మోపెడ్ బయటికి తోశాడు. పానాల పెట్టె వెనక సీటుకి కట్టే ఉంటుంది ఎప్పుడూ.

"ఏమైంది బావా, మొహం అలా ఉంది?" అని ముసలాయన అడుగుతూనే ఉన్నాడు. మోపెడ్ అప్పటికే కదిలింది.

అతని మోపెడ్ నలభై దాటితే పళ్ళూడినట్టు గడగడలాడుతుంది. దాన్నే యాభైకి ఉరికించాడు. ఊరు దాటగానే పెట్రోలు బంకుంది. అక్కడ పైపు పట్టుకున్నామెని అడిగాడు, ఎర్రబండి మీద ఇద్దరు వెళ్ళారా అని.

"ఇందాకే. ఆవిడకి హెల్మెట్ పట్టీ పెట్టుకోవడం రాకపోతే నేనే బిగించాను. అక్క అనుకుంటా, అతని మీద ఒకటే జోకులు. గాలి కొట్టించుకుని పోయారు. పావుగంటయి ఉంటుంది."

పావుగంట. వాళ్ళు కొండ మొదటికి చేరిపోయి ఉంటారు. ఎక్కేటప్పుడు భయం లేదు, బ్రేకుతో పనుండదు. కొండెక్కేలోపు అందుకోవాలి. దిగుడు మొదలైతే చెయ్యగలిగిందేమీ ఉండదు.

ఎక్కుడు మొదలయ్యాక మోపెడ్ మూలిగింది. ప్రతి మలుపులోనూ కాళ్ళు నేలకి ఆనించి తోస్తూ, సగం తొక్కుతూ, సగం ఈడుస్తూ ఎక్కాడు. పక్కనించి లారీలు పోతున్నాయి, వాటి పొగంతా అతని మొహానే. ఫోనులో సిగ్నలు గీతలు పోయాయి. దారి పొడుగునా ఒకటే మాట, ఒక్క మాట చెప్పుంటే సరిపోయేది కదా అని. బండి దిగండి. అంతే. కారణం తర్వాత చెప్పినా సరిపోయేది. ఆ రెండు మాటలకి నోరు పెగల్లేదు.

తొమ్మిదో మలుపు తిరిగేసరికి వాహనాలన్నీ ఆగిపోయి ఉన్నాయి. జనం దిగి ముందుకి నడుస్తున్నారు. వాళ్ళ కాళ్ళ సందుల్లోంచి, రోడ్డు మీద, ఎర్రగా ఏదో కనిపించింది.

మోపెడ్ స్టాండు కూడా వెయ్యకుండా వదిలేశాడు. అది దబ్బున పడింది. జనాన్ని తోసుకుంటూ వెళ్ళాడు. ఎవరో తిట్టారు. ముందుకి వెళ్ళి చూస్తే ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు. ఏదో వ్యాను తాడు తెగి ఒక వంద కుర్చీలు రోడ్డంతా దొర్లాయి. డ్రైవరు తిట్టుకుంటూ ఏరుతున్నాడు. అతుకుల బావ అక్కడే ఒక కుర్చీలో కూలబడ్డాడు.

"ఏమయ్యా, సాయం పట్టకుండా కూర్చున్నావేంటి?" అన్నాడు డ్రైవరు. "ఇందాక ఒకావిడ నయం. హెల్మెట్‌తోనే వంగి, తమ్ముడూ తనూ కలిసి సగం ఏరిపెట్టి పోయారు."

"ఎంతసేపయింది?"

"ఇప్పుడే. అదిగో, పై మలుపు కూడా తిరిగి ఉండరు."

అతను మోపెడ్ లేపి, కుర్చీల మధ్యలోంచి దూరి, ఎక్కాడు. కొండ మీద ఒక టీ పాక ఉంది. దాని ముందు ఎర్రబండి లేదు. పాకలో మనిషి అవతలి పక్కకి చెయ్యి చూపించాడు. అటు దిగుడే.

దిగుడులో మోపెడ్‌కి ఇంజనుతో పని లేదు. అతను బ్రేకు వదిలేశాడు. మొదటి మలుపు, రెండో మలుపు. మూడో మలుపు దాటగానే కనబడ్డారు. రెండు వందల గజాల దూరంలో ఎర్రబండి, భార్య చున్నీ కొస గాలికి ఎగురుతోంది. బండి తిన్నగా పోవడం లేదు. అతని కళ్ళకి అది బాగా తెలిసింది. ఎడమ పక్కకి లాగుతోంది, బావమరిది సరిచేసుకుంటూ నడుపుతున్నాడు.

అతను హారను మీద వేలు పెట్టి తియ్యలేదు. వెనక ఎవడో తొందరపడుతున్నాడనుకుని బావమరిది చేత్తో 'పో, పో' అని సైగ చేశాడు. అతుకుల బావ దగ్గరికి వచ్చాడు. వంద గజాలు. యాభై. భార్య తల తిప్పి చూసింది. మోపెడ్ గుర్తుపట్టింది. ఏమైందో ఏమో అని మొహం కంగారుపడింది, తమ్ముడి భుజం గట్టిగా తట్టింది. అప్పుడే అతుకుల బావకి తట్టింది, తను చేస్తున్నదేంటో. ఆపమంటున్నాడు. ఆగాలంటే బ్రేకు పట్టాలి.

"వద్దు, వద్దు, మెల్లగా" అని అరిచాడు. ఆ గాలిలో అరుపు అతని చెవులకే వినపడలేదు.

ఎర్రబండి వెనక దీపం వెలిగింది. ముందు భాగం ఒక్కసారి కిందికి వంగింది, వంగి మళ్ళీ లేవలేదు. టంగుమని ఒక చప్పుడు. ఆ చప్పుడు అతనికి తెలుసు, షెడ్డులో ఇనుము విరిచేటప్పుడు వచ్చే చప్పుడే. హ్యాండిలు బావమరిది చేతుల్లో వదులైపోయింది. అప్పటికే వేగం సగానికి సగం తగ్గడం ఒకటి, ఎడమకి లాగే రోగం ఒకటి, ఆ రెండే కాపాడాయి. ఎడమ పక్క కొండ. కుడి పక్క ఏమీ లేదు. బండి ఎడమకి కోసుకుపోయి, కొండ వారన కాలవలో ముక్కు గుచ్చుకుని ఆగింది. ఇద్దరూ మట్టిలో పడ్డారు.

అతను మోపెడ్ మీంచి ఎలా దిగాడో అతనికి తెలియదు. భార్యని లేపి కూర్చోబెట్టాడు. మోచెయ్యి దోక్కుపోయి రక్తం కారుతోంది. హెల్మెట్ మీద ఇంత పొడుగు గీత. బావమరిది కుడి మణికట్టు పట్టుకుని పళ్ళు బిగించి కూర్చున్నాడు.

"ఏమైంది బావా? చెల్లికేమన్నా అయిందా? ఎందుకలా వెంటపడ్డావు? నీ హారను కంగారుకే బ్రేకు గట్టిగా పట్టేశాను."

అతుకుల బావ లేచాడు. బండి దగ్గరికి వెళ్ళి చూశాడు. మెడ విరిగి రెండు ముక్కలైంది. పట్టీ పట్టీలాగే ఉంది, అతుకు చెక్కుచెదరలేదు. దాని పక్కనే గొట్టం తెగింది. తెగిన అంచులో సగం మెరుస్తోంది, ఇప్పుడే తెగినట్టు. మిగతా సగం తుప్పుపట్టి గోధుమరంగులో ఉంది. అంటే ఎప్పుడో పగిలి, ఇన్నాళ్ళూ సగం ఇనుము మీదే నడుస్తోంది.

"ఈ అతుకు నాది" అన్నాడు. తర్వాత మిగతాదంతా చెప్పాడు. లారీ, ఇన్సూరెన్సు, తుక్కు, నీళ్ళ డబ్బాల తోట. ఎక్కడా ఆగలేదు. పొద్దున్న గొంతు దాటని మాటలు ఇప్పుడు ఎందుకు ఇంత తేలిగ్గా వస్తున్నాయో అతనికే సిగ్గేసింది.

బావమరిది తల దించుకుని విన్నాడు. భార్య మాత్రం అతని మొహం వైపే చూస్తూ ఉంది. మోచేతి మీద చున్నీ అదిమిపెట్టుకుని అడిగింది.

"పొద్దున్న వంగి చెయ్యి పెట్టి చూశారు. అప్పుడే తెలిసిందా?"

కాదు, తర్వాత అనుమానం వచ్చింది అనొచ్చు. అబద్ధమైనా నిలబడేదే. చూసినవాళ్ళెవరూ లేరు.

"అప్పుడే తెలిసింది" అన్నాడు.

ఆమె మొహం తిప్పుకుంది. కొట్టినా బాగుండేది. లేచి, చెల్లాచెదురైన పసిదాని చొక్కాలు ఒక్కొక్కటీ ఏరి, మట్టి దులిపి సంచిలో పెట్టుకుంది.

కిందికి పోతున్న వ్యాను ఒకటి ఆగింది. అదే కుర్చీల వ్యాను. అక్కాతమ్ముళ్ళని ఎక్కించుకుంటానన్నాడు డ్రైవరు, వాళ్ళు వెళ్ళేది ఎలాగూ ఆసుపత్రికే. అతుకుల బావ కూడా కాలు పైకి పెట్టబోయాడు.

"మీరు బండి దగ్గరుండండి" అంది భార్య.

బావమరిది వ్యాను తలుపు మూసుకుంటూ, "తాళం చెవి దానికే ఉంది. తీసి పెట్టండి" అన్నాడు.

పెట్టండి అన్నాడు. చిన్నప్పటి నుంచీ నువ్వు అన్నవాడు. వ్యాను వెళ్ళిపోయాక కూడా ఆ 'అండి' అక్కడే నిలబడి ఉన్నట్టనిపించింది అతనికి. విరిగిన బండి పక్కన మూడు గంటలు కూర్చుంటే ట్రాలీ వచ్చింది.

మర్నాడు అతను బైపాసు పక్క షెడ్డుకి వెళ్ళాడు. కళ్ళజోడు కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. అంతా విని, నల్లద్దాలు తీసి తుడుచుకుని, నొచ్చుకున్నట్టు మొహం పెట్టాడు.

"నీ మనిషని నాకేం తెలుసు బావా? ముందే ఒక్క మాట చెప్పుంటే వేరే బండి ఇచ్చేవాణ్ణి కదా."

ఆ మాటకి అతుకుల బావ తలెత్తి అతని మొహంలోకి చూశాడు. ఇందులో తప్పేమీ కనపడటం లేదు ఈ మనిషికి. ఈ బండి ఇంకెవరికో పోయుంటే నిన్న పొద్దున్న నాక్కూడా ఆ తప్పు కనపడేది కాదేమో అనుకున్నాడు. టీ ముట్టకుండా లేచాడు.

"ఎక్కడన్నా నోరు జారేవు" అన్నాడు కళ్ళజోడు వెనకనించి, మెల్లగానే. "అతికింది నేను కాదు కదా."

ఆ మర్నాడు ఇన్సూరెన్సు ఆఫీసులో అతనూ, కొండ అవతలి నుంచి తిరిగొచ్చిన బావమరిదీ ఒకే వరసలో కూర్చున్నారు. బావమరిది మణికట్టుకి కట్టు. ఇద్దరి మధ్యా ఒక ఖాళీ కుర్చీ. బండి నంబరు, చాసిస్ నంబరు చూసి అక్కడి ఉద్యోగిని కంప్యూటరులో వెతికింది. వెతికి, తెర వాళ్ళ వైపు తిప్పింది.

"దీనికి మేం ఎప్పుడో పూర్తి సొమ్ము ఇచ్చేశాం. మా లెక్కలో ఈ బండి లేదు. విరగ్గొట్టి తుక్కు చెయ్యాలనే షరతు మీద అమ్మాం. రోడ్డు మీదికి ఎవరు తెచ్చారో రుజువు కావాలి. మెడ అతికిన మనిషి రాసిస్తే కేసు నిలబడుతుంది. అలాంటివాళ్ళు ముందుకి రారు. వాళ్ళ పీకకి కూడా చుట్టుకుంటుంది కదా."

బావమరిది ఇటు తిరగలేదు. గోడ మీద క్యాలెండరు వైపు చూస్తూ కూర్చున్నాడు.

"కాగితం ఇవ్వండమ్మా" అన్నాడు అతుకుల బావ.

రాత అలవాటు లేని చెయ్యి. ఒకటిన్నర పేజీకి గంట పట్టింది. సంతకం పెట్టబోతూ ఆగి, ఇంకో కాగితం అడిగాడు. "ఇదొక్కటే కాదు. మొత్తం ఏడు చేశాను." అప్పుడు తిరిగి చూశాడు బావమరిది.

భార్య నాలుగో రోజు వచ్చింది, బస్సులో. మోచెయ్యి పక్కు కట్టింది. పాప ఎలా ఉందని అడిగితే బాగుందంది. రెండు రోజులు ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప మాట లేదు. మూడో రోజు అతను షెడ్డు తాళం తీస్తుంటే గడపలోకి వచ్చి నిలబడింది.

"ఏడట కదా. తమ్ముడు చెప్పాడు."

"ఏడు."

"ఒకటి విరిగింది. ఆరింటి మీద ఎవరెవరు తిరుగుతున్నారో."

అతను తాళం మళ్ళీ వేసేశాడు.

కేసు సంగతి కేసులా నడిచింది. బైపాసు పక్క షెడ్డుకి సీలు వేశారు, కళ్ళజోడు వకీలుని పెట్టుకున్నాడు. అతుకుల బావని కూడా నాలుగుసార్లు పిలిచి గంటల తరబడి కూర్చోబెట్టారు. జరిమానా పడింది. వీధిలో కొందరు అతనితో గేటు పని మానుకున్నారు. ముప్పయ్యేళ్ళ పేరు కదా, పోవడానికి ముప్పై రోజులు కూడా పట్టలేదు. టైర్ల ముసలాయన మాత్రం యథాప్రకారం నిప్పురవ్వల మీద గొడవపడుతున్నాడు.

షెడ్డు తాళం మళ్ళీ వేసిన ఆ రోజే, ఇన్సూరెన్సు ఉద్యోగిని ఇచ్చిన నంబర్లు పట్టుకుని అతను బళ్ళు వెతకడం మొదలుపెట్టాడు. బావమరిది తన చేతి కట్టు విప్పేదాకా ఉద్యోగానికి వెళ్ళే వీల్లేదు కాబట్టి తనూ వస్తానన్నాడు. మోపెడ్ వెనక సీటు మీద, పానాల పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. దారి చెప్పడానికి తప్ప నోరు విప్పేవాడు కాదు. "ఎడమకి తిప్పండి." "అదిగో, ఆ నీలం గేటు అనుకుంటా, ఆపండి." ఆ 'అండి' పోలేదు. ఎప్పటికన్నా పోతుందో లేదో అతుకుల బావకి తెలియదు, అడిగే ముఖం లేదు.

మొదటి రెండు బళ్ళు నిజంగానే తుక్కులో కలిసిపోయాయని తేలింది. మూడోది ఒక పాలాయన దగ్గర దొరికింది. ఆయన తిట్టి, గంటసేపు వాదించి, చివరికి వీళ్ళు ట్యాంకు విప్పి, రంగు గీకి చూపించిన పగులు కళ్ళారా చూశాక చెమట తుడుచుకున్నాడు.

నాలుగోది ఒక బట్టల కొట్టు గుమస్తాది. వీళ్ళు వెళ్ళేసరికి ఆయన ఇంటి ముందు బండి స్టార్టు చేసి ఉంచాడు. వెనక ఆయన తల్లి, ఎక్స్‌రే కవరు గుండెకి ఆనించుకుని అప్పుడే ఎక్కి కూర్చుంది. అతుకుల బావ మోపెడ్ ఆపి, ఇంకా దిగకుండానే నోరు తెరిచాడు.

"బండి దిగండి" అన్నాడు.

"ఎవరు మీరు?"

"చెప్తాను. ముందు ఆవిణ్ణి దింపండి. ఈ బండి మెడ అతికింది నేను. ఇది ఇన్సూరెన్సు వాళ్ళు తుక్కు కింద రాసేసిన బండి."

గుమస్తా ఎగాదిగా చూశాడు. నవ్వబోయాడు. మోపెడ్ వెనకాల చేతికి కట్టుతో కూర్చున్న మనిషిని చూసి ఆ నవ్వు సగంలో ఆగింది. "మీకెలా తెలుసు, ఇది అదే బండని?"

"ట్యాంకు కింద చెయ్యి పెట్టండి. మెడ దగ్గర ఒక పట్టీ తగులుతుంది."

ఆయన వంగి చెయ్యి పెట్టాడు. చాలాసేపు తడిమాడు. ఇంజను ఆపేసి, తల్లి చెయ్యి పట్టుకుని, "దిగమ్మా, ఆటోలో వెళ్దాం" అన్నాడు.

బావమరిది అప్పటికే పానాల పెట్టె మూత తీస్తున్నాడు.